తాబేలు లెక్క

"తుపాను కార్డు తీసేస్తున్నా. పులిని కూడా తీసేస్తున్నా. వాటి బదులు ఇంకో రెండు తాబేళ్లు ఇవ్వండి" అన్నాడు వాచీల మెకానిక్.

కార్డుల షాపావిడ కళ్లద్దాల మీదుగా అతన్ని చూసింది.

"రేపు పోటీ పెట్టుకుని ఇదేం బుద్ధి? ఆ తాబేలు ఒక్క దెబ్బ కొట్టదు. ఊరికే అడ్డం కూర్చుంటుంది. దాన్ని నమ్ముకుని గెలిచినవాణ్ని నేనింతవరకు చూళ్లేదు."

"రేపు చూస్తారు" అంటూ అతను నోట్‌బుక్ తెరిచాడు.

ఈ ఆటలో ఎవరి కట్ట వాళ్లే కట్టుకోవాలి. నలభై కార్డులు. ఏది ఉంచాలి, ఏది పీకెయ్యాలి అన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. నాలుగు నెలలుగా రోజూ సాయంత్రం అతను అత్తగారితో ఆడి, ప్రతి ఆటా రాసుకున్నాడు. తాబేలు చేతికొచ్చిన ఆటల్లో నూటికి తొంభై గెలిచాడు. రాని ఆటల్లో ముప్పై దాటలేదు.

"అత్తగారితోనా?" షాపావిడ పకపకా నవ్వింది.

"నవ్వకండి. ఆవిడ ముందు తలపండిన ఆటగాళ్లే చేతులెత్తేశారు. పోయినేడు ఈ పోటీ కప్పు ఆవిడదే. ఈసారి నాకోసమని తప్పుకున్నారు."

షాపావిడ నవ్వు ఆపి సొరుగు తెరిచింది. అడిగిన రెండు తాబేళ్లూ ఇచ్చింది. అతను మెట్లు దిగగానే ఇంకో రెండు తీసి, రేపటి పోటీకి తను కట్టుకున్న కట్టలో దూర్చుకుంది.

మర్నాడు పోటీలో తాబేళ్లు అడగకుండానే చేతికొచ్చాయి. వచ్చి, అడ్డంగా కూర్చున్నాయి. ఎదుటివాళ్లు తాపీగా టీ తాగుతూ, వాటి చుట్టూ తిరిగొచ్చి మరీ కొట్టారు. ఐదు ఆటలు, ఐదు ఓటములు. చివరికి అట్టడుగు స్థానం కోసం అతనికీ షాపావిడకీ హోరాహోరీగా జరిగింది.

ఇంటికొచ్చి నోట్‌బుక్ అత్తగారి ముందు పడేశాడు.

"మీ అంతటి మనిషిని నూటికి తొంభైసార్లు మట్టి కరిపించిన కార్డు అత్తయ్యా ఇది! బయట ఒక్కణ్నీ ఏమీ చెయ్యలేకపోయింది. నా లెక్క ఎక్కడ తప్పింది?"

ఆవిడ నోట్‌బుక్ అందుకుని ఓపిగ్గా చివరిదాకా తిరగేసింది. మూసి, అతని చేతిలో పెట్టింది.

"లెక్కకేం, బ్రహ్మాండంగా ఉంది అల్లుడూ, ఆ తాబేలు దిగిందంటే ఆట గంటన్నరకి గాని తెమలదు, ఈలోగా పార్కులో మావాళ్లు కబుర్లన్నీ చెప్పేసుకుని వెళ్లిపోతారని, అది కనపడగానే నేనే ఓడిపోయి బయటపడేదాన్ని."