బైఠ్ అన్న పూట

కోటలు గెలవడమే పనిగా బతికిన ఒక సుల్తానుగారి గజశాలలో దిల్‌దార్ అనే ముసలి ఏనుగు ఉండేది. దాని ఎదురుగా పంజరంలో సుల్తానుగారి చిలక ఉండేది. రోజూ తెల్లారగానే అది గెలిచిన కోటల పేర్లు అప్పజెప్పేది. "పాముబండ, ఫతే! ఏడు తలుపుల కోట, ఫతే!" ఫతే అంటే గెలిచామని.

"ఆ తలుపులన్నీ నా నుదుటితోనే పగలగొట్టించారు. ఒక్కటీ గుర్తులేదే," అంది ఏనుగు.

"మరేం గుర్తుంది తాతా నీకు?"

"ఏటి ఒడ్డున ఒక పూట. ఎదురుగా, తొండం చాపితే అందేంత దగ్గర్లో శత్రువుల ఏనుగులు. నా కాలికి ముల్లు గుచ్చుకుంది. తీద్దామని మా మావటి 'బైఠ్' అని గట్టిగా అరిచాడు, కూర్చోమని. మావటీల మాట ఏ రాజ్యంలోనైనా ఒకటేగా! మేమూ కూర్చున్నాం, అవతలి ఏనుగులూ కూర్చున్నాయి. సేనాపతులు ఎంత మొత్తుకున్నా ఎవరం లేవలేదు. ఎదుటి ఒంటిదంతం వాడు తొండం చాపి నా చెవి నిమిరాడు. వాడి దగ్గర తడి రెల్లుగడ్డి వాసన."

"ఇంతకీ గెలిచిందెవరు?"

"మర్నాడు మేమే గెలిచాం," అంది దిల్‌దార్.

తెల్లారింది. చిలక కోటలన్నీ అప్పజెప్పి, కాస్త ఆగి, మెల్లగా "బైఠ్" అంది.

ముసలి మోకాళ్లు వాటంతటవే వంగాయి. దిల్‌దార్ కూర్చుని, ఎదురుగా ఎవరో ఉన్నట్టు, నెమ్మదిగా తొండం చాపింది.