ముందు ముద్ద

ఆ రోజు ఎర్రమ్మ పనిలోంచి తొందరగా వచ్చింది కాబట్టి దొంగ దొరికింది.

కిరండూల్ రైల్వే క్వార్టర్ పెరటి గుమ్మంలో కోయ ముసలి హుంగే కూర్చుని, ఒక చేత్తో పొట్ట పట్టుకుని క్యారియర్‌లోంచి పప్పన్నం తింటోంది. ఆ క్యారియర్ ఎర్రమ్మ పనికెళ్తూ కూతురు ప్రమీలారాణి మధ్యాహ్న భోజనానికి పెట్టి వెళ్లినది. పిల్ల ఎదురుగానే ఉంది.

"ఓసి ముసలీ! పొట్ట పట్టుకుని మరీ మెక్కుతన్నావేటే మా గుంట కూడు?"

హుంగే లేచింది. అమ్ముకునే విస్తరాకుల కట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

"అమ్మా, ఆవిడ..."

"నోర్ముయ్! ఊరోళ్లకి పెట్టీసి నువ్వు పుల్లలా అయిపోతన్నావు!"

ప్రమీలారాణికి పదహారేళ్లు. తండ్రి జయరావు ఇనపరాయి మోసే బండికి గార్డు. కూతుర్ని ముద్దుగా "మా గూడ్సు బండి" అనేవాడు. ఆ మాట పిల్ల మనసులో ఎప్పుడు గుచ్చుకుందో ఎవరూ చూడలేదు. ఏడాదిగా పళ్లెం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది. ఎర్రమ్మ దిష్టి తీసింది, తిట్టింది, కాళ్లావేళ్లా పడింది. ఇన్నాళ్లకి కారణం తెలిసిందని పాపం సంతోషపడింది.

మర్నాటి నుంచి క్యారియర్ రోజూ ఖాళీ.

"సూసినావా? ముసల్దాన్ని తరిమీసరికి మన గుంట తింతంది!" అంది మొగుడితో.

నెల తిరక్కుండా ప్రమీలారాణి బడిలో కళ్లు తిరిగి పడిపోయింది.

రైల్వే ఆసుపత్రి డాక్టరమ్మ నెలనెలా బరువు రాసిన పాత చీటీలు తిరగేసింది. "ఈ నెలకి ముందు మూడు నెలలు బరువు పెరిగింది. ఈ నెలలో అంతా పోయింది. అప్పుడేం చేశారు?"

"అప్పుడా? సగం కూడు ముసల్దే తినీసేదమ్మా!"

ప్రమీలారాణి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నానే ఇచ్చీసేదాన్నమ్మా. ఊరికే తీసుకునేది కాదు. పెట్టినోళ్లు ముందు తినాలంట, అది వాళ్ల ఆచారమంట. నాను ముద్ద తింటేనే తను ముద్ద తినేది. ఒక్కరోజూ నన్ను తినమని అనలేదు."

"మరి ఇప్పుడు డబ్బా ఖాళీగా ఉంటందేటే?"

"కాలవలో పారబోసినాను."

"ఇది మొండితనం కాదు, జబ్బు" అంది డాక్టరమ్మ. "వైద్యం నేను చేస్తాను. మీరు తిట్టకండి, బతిమాలకండి. పక్కన కూర్చుని తినండి."

జబ్బు ఏ మాటతో మొదలైందో పిల్ల నోటే విని జయరావు తల దించుకున్నాడు. ఆ ముద్దుపేరు మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఎర్రమ్మ అన్నం కలిపి ముందు తనో ముద్ద తింది. రెండో ముద్ద చేతిలో పట్టుకుని ఊరికే కూర్చుంది. చాలాసేపటికి ప్రమీలారాణి నోరు తెరిచింది. ఎర్రమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం హుంగే కోసం కొత్త చీర పట్టుకుని సంతకు పరిగెత్తింది. విస్తరాకుల వరసలో హుంగే పొరుగింటావిడ దేవే ఒక్కతే ఉంది.

"హుంగేనా? లేవలేకపోతే బిడ్డ వచ్చి గొల్లపల్లి తీస్కపోయింది. ఇగ రాదు. పోయేటప్పుడు గూడ తెలుగోళ్ల పిల్ల తింటుందా అని అడిగింది."

"ఏటైంది ఆవిడకి?"

"కడుపుల పుండమ్మా. మెతుకు దిగితే చాలు, నొప్పికి పొర్లేది. రెండేండ్ల సంది మా ఇండ్లల్ల అంబలి తప్ప ఏం ముట్టలే."