పరదేశి గారి స్వదేశీ డ్రిల్లింగు

“డ్రిల్లింగు దండగండి బాబూ! సుద్ద దండగ!”

అనకాపల్లిలో పెళ్ళి భోజనాలు చేసి, అప్పుడే బస్సు దిగి, నూకరత్నం హోటల్లో కాలు పెట్టిన పరదేశి చెవిన పడ్డ మొదటి మాట అది. గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

అన్నవాడు పెదబాబు. చోడవరం బజార్లో కిరసనాయిలు డిపో అతనిది. విన్నవాడు గణపతిరావు. తెనాలి మనిషి, హైదరాబాదులో ఆఫీసరు. దేశంలో చమురు కోసం తవ్వకాలు పెంచాలా, మానాలా అని ఆ ఏడు ఢిల్లీ సభలోనూ చోడవరం బస్టాండులోనూ ఒకటే రగడ. మీ నేలలో చుక్క లేదు, మా డబ్బాలే కొనుక్కోండని విదేశీ కంపెనీలు. ఉందో లేదో తవ్వితే కదా తెలిసేదని స్వదేశీ వాళ్ళు. ఊళ్ళవాళ్ళేమంటారో కనుక్కుందామని గణపతిరావు జీపేసుకుని జిల్లా అంతా తిరుగుతున్నాడు. రెండ్రోజుల్లోనే జనం ఆయనకి ‘ఆయిలాయన’ అని పేరు పెట్టేశారు.

పరదేశికి ఆ రగడ పట్టదు. పట్టేదల్లా ఒకటే. డ్రిల్లింగు దండగని జిల్లా బోర్డు వాళ్ళు కూడా అంటున్నారు. వచ్చే మీటింగులో ఎత్తేస్తారట. అది ఎత్తేస్తే పరదేశి ఉద్యోగం ఎత్తేసినట్టే. పదకొండేళ్ళ ఉద్యోగం. ఇంకో పని చేతకాదు. బోర్డుకి బోరు కొట్టిందని పరదేశి బతుకు బోర్లా పడాలా?

“ఎవడ్రా దండగన్నాడు?” అంటూ మధ్యలోకి దూకాడు. “డ్రిల్లింగు లేకపోతే దేశం ఏటయిపోద్ది?”

గణపతిరావు మొహం విచ్చుకుంది. రెండ్రోజులుగా ఆయన విన్నవన్నీ జిడ్డు మాటలే. చమురున్న మాట ఇదే మొదలు.

“మీకు డ్రిల్లింగులో అనుభవం ఉందా అండీ?”

“పదకొండేళ్ళు సార్. నేర్సింది యుద్ధం రోజుల్లో, బర్మాలో.”

“బర్మాలోనా!” గణపతిరావు కుర్చీ తనంతట తనే ముందుకు జరిగింది. బర్మా అంటే చమురు బావులకి పుట్టిల్లు. “ఎవరి దగ్గర?”

“తెల్లదొర దగ్గర. సెడ్డ కరుకు మనిసి. సూరీడు లేవకముందే మొదలెట్టించీవోడు.”

“మరి ఇక్కడ?”

“ఇక్కడ నా కింద నూటిరవై గుంటలు సార్.”

ఆఫీసరు చేతిలో పెన్ను జారి సాంబార్లో పడింది. “నూట ఇరవయ్యా! మా కాయితాల్లో ఒక్క గుంట కూడా లేదే!”

“గవర్నమెంటోలు ఏనాడొచ్చి మా గుంటల్ని సూసేరు సార్?”

“లోతెంత?”

“ఒక్కో గుంటది ఒక్కో లోతు. పైకి సూస్తే ఏటీ లేనట్టే ఉంటాది. లోపల సూస్తే అమ్మో!”

“వర్షాకాలంలో ఇబ్బంది లేదూ?”

“వానొస్తే ఒక్క గుంటా కనపడదు సార్!”

నూకరత్నం పెసరట్టు తిరగెయ్యడం మానేసి, పమిట చెంగు నోట్లో కుక్కుకుంది.

“అసలు సంగతి చెప్పండి. ఆయిలు తగిలిందా?”

ఆ మాట ఎందుకడిగాడో పరదేశికి అంతుపట్టలేదు. అయినా ఉన్నమాటే చెప్పాడు.

“తగలకపోడమేటి సార్! ఎండెక్కితే సాలు, పెతీ గుంటకీ బొటబొటా కారతాది. సెయ్యేస్తే జారిపోతాది. ఇంక ఆ కంపు! ముక్కు మూసుకోవాల.”

“కంపు కూడానా!” ఆఫీసరు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. “సీసాకి పట్టవచ్చా?”

“సీసాయేటి సార్, నూటిరవైకీ కలిపితే డబ్బా నిండుతాది.”

డబ్బా అన్నమాటకి డబ్బాల పెదబాబు నోరు తెరిచాడు. నూకరత్నం అట్లకాడ ఎత్తి చూపించింది. మూసేశాడు.

“ఇవి కాక ఇంకెక్కడైనా ఉన్నాయా?”

“మా ఇంట్లో సొంతానికి నాలుగు గుంటలు సార్.”

“ఇంట్లోనా!”

“ఆటి సంగతి మా ఇంటిది అచ్చియ్యమ్మ సూసుకుంటాది. ఇంటికాడ నా డ్రిల్లింగు సాగదు.”

గణపతిరావు లేచి పరదేశి రెండు చేతులూ పట్టుకున్నాడు. “పేరు పరదేశి, పని స్వదేశి! మీలాంటివాళ్ళు ఊరికొకరుంటే విదేశీ కంపెనీల జిడ్డు ఎప్పుడో వదిలిపోయేది. ఏం కావాలో అడగండి.”

పరదేశి గొంతు తగ్గించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నాకేటొద్దు బాబూ. డ్రిల్లింగు ఆపకూడదని బోర్డుకో ముక్క రాయండి. అది పోతే నా బతుకు బొందలో పడిపోద్ది.”

ముక్క రాయమంటే ఆఫీసరు మూడు పేజీలు రాశాడు. చోడవరంలో డ్రిల్లింగు ఆపడం దేశానికి ద్రోహం. ఆపకపోవడమే కాదు, పెంచాలి. పరదేశి గారిని వదులుకోకూడదు. కింద సంతకం, సంతకం మీద సీలు. పరదేశి దాన్ని కళ్ళకద్దుకుని, పోస్టాఫీసు కిటికీ మూసేలోగా బోర్డుకి రిజిస్టరు చేసేశాడు. పక్క కిటికీ దగ్గర ఆయిలాయన హైదరాబాదుకి తంతి కొట్టిస్తున్నాడు: ‘చోడవరంలో నూట ఇరవై గుంటలు. అన్నిటా ఆయిలు.’

“రేపొద్దున్న ఆరున్నరకి రండి సార్,” అన్నాడు పరదేశి. “గుంటలన్నీ వరసగా సూపిస్తాను.”

“తప్పకుండా. సీసా కూడా తెస్తాను.”

మర్నాడు ఆరున్నరకి ఆఫీసరు గారు ఖాళీ సీసా పట్టుకుని జీపు దిగేసరికి, జిల్లా బోర్డు హైస్కూలు డ్రిల్లు మాస్టారు పరదేశి మెడలో ఈల తీసి గట్టిగా ఊదాడు. తలలకి దిట్టంగా ఆముదం పట్టించుకున్న నూటిరవై మంది పిల్లగుంటలూ పరుగున వచ్చి, నాలుగు వరసల్లో నిలబడి, ఠపీమని సలాము కొట్టారు.