కోడి దిగిన గంప

హేచరీ కాపలాదారు కామరాజు తొందరగా బలిసే జాతి గుడ్లు దొంగిలించి, కొన్నానని భార్యకు చెప్పి, కంచరపాలెం ఇంట్లో నాటుకోడి కింద పొదగేశాడు.

పదో రోజు రాత్రి కోడి గంప దిగి, గోడకేసి తిరిగి నిలబడింది. అయినా గుడ్లు చల్లారలేదు. చెయ్యి పెడితే కాలుతున్నాయి.

"ఈ జాతి పిల్లలు సొనలో కొవ్వు గబగబా కరిగించేసుకుంటాయంట. ఆ వేడే ఇది," అన్నాడు కామరాజు.

లాంతరు ముందు ఒక గుడ్డు పట్టి చూశాడు. గడువు సగమే అయింది. పెంకు నిండా పిల్లే ఉంది. సొన లేదు.

"సొన అయిపోతే ఇంకేటి తిని బతుకుతాది?" అంది భార్య కనకరత్నం. "ఇయ్యెక్కడియి? నిజం సెప్పయ్యా."

"కొన్నానన్నాను కదే."

గుడ్డులో టక్కుమంది. తర్వాత గంపంతా టకటకలాడింది.

కనకరత్నం అతని మొహంలోకి చూసింది. ఆ చూపుకు తలెత్తలేక, నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు.

చప్పుడు ఒక్కసారిగా ఆగింది. గంపంతా చెవులొగ్గినట్టుంది.