మెడ మీద నలుపు

“రోజూ రుద్దుతున్నా ఈ మురికి వదలదేంటే! స్నానం సరిగ్గా చేసి చావవు కదా!” బ్యూటీపార్లర్ నడిపే తల్లి కూతురి మెడను తడి తువాలుతో తోముతోంది. పిల్ల కళ్ల నిండా నీళ్లు.

పక్క కుర్చీలో జుట్టుకు రంగు వేయించుకుని కూర్చున్న నర్సు అద్దంలోంచి చూసింది. “ఆపండమ్మా. అది మురికి కాదు. షుగర్ వచ్చే ముందు కొందరికి మెడ ఇలా నల్లబడుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?”

తల్లి చెయ్యి ఆగిపోయింది. “మా అమ్మకుంది. మొన్ననే కాలు తీసేశారు.”

“అయితే పాపకు రేపే రక్తపరీక్ష చేయించండి.”

పిల్ల కుర్చీ దిగి తల్లి వెనక్కి వెళ్లింది. మండుటెండల్లో కూడా ముడి వేయకుండా ఆమె విరబోసుకునే జుట్టును రెండు చేతులతో పైకెత్తింది. పౌడరు కింద అదే నలుపు.

“అమ్మక్కూడా చేయించాలా, ఆంటీ?”