పెట్టె బాబాయి

"ఇందాకటిది బాగుందా, ఇది బాగుందా?" అని అడగాల్సిన కళ్ళజోళ్ళ షాపాయన ఫోన్లో తల దూర్చేశాడు. ముక్కు మీద ట్రయల్ ఫ్రేముతో కూర్చున్న పెద్దమనిషి కాసేపు ఓపిక పట్టి, "నన్ను నేనే అడుక్కోమంటారా ఏంటి?" అన్నాడు.

"ఒక్క నిమిషం సార్. ఇక్కడ కొంపలు మునుగుతున్నాయి."

లోపల అద్దాలు అరగదీస్తున్న భార్య మిషను ఆపింది. "ఎవరి కొంపా మునగలేదండీ. ఈయన గ్రూపు గోల అది" అంటూ వచ్చి, పెద్దమనిషి ఫ్రేములో అద్దం తనే మార్చింది.

ఆ గ్రూపులో అందరూ షాపాయన్ని పెట్టె బాబాయి అంటారు. నాలుగు హార్డ్ డిస్కులున్న చిన్న పెట్టెను ఇంటి నెట్‌వర్క్‌కి కలిపి, ఇంటిల్లిపాది ఫోటోలూ కాగితాలూ అందులో దాచుకునేవాళ్ళ గ్రూపు అది. నిన్నటిదాకా నూట ఎనభై మంది. నిన్న సాయంత్రం ఒక కుర్రాడు 'పది నిమిషాల్లో మీ పెట్టె వేగం రెట్టింపు' అని వీడియో పెట్టాడు. నాలుగు లక్షల మంది చూశారు. తెల్లారేసరికి గ్రూపులోకి ఆరువందల మంది కొత్తవాళ్ళు వచ్చిపడ్డారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "బాబాయ్, నా పెట్టె ఖాళీగా కనిపిస్తోందేంటి?"

ఎందుకంటే ఏడో నిమిషంలో ఆ కుర్రాడు నవ్వుతూ "ఈ బటన్ నొక్కేయండి" అన్నాడు. అది నొక్కితే లోపలున్నదంతా చెరిగిపోతుందని మాత్రం అనలేదు.

ఇంతలో ఫోన్ మోగింది. ఎవరో నర్సు. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడుతోంది.

"అన్నయ్యా, మా పాప పుట్టిన దగ్గర్నుంచీ తీసిన ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కటీ లేదు."

"ముందు ఆ పెట్టె ఆపెయ్యమ్మా. ఇంకేం నొక్కలేదు కదా?"

"లేదు. భయమేసి వదిలేశాను."

"ఆ భయమే నిన్ను కాపాడింది. కొత్తగా ఏమీ ఎక్కించకపోతే పాతవి ఇంకా లోపలే ఉంటాయి. డిస్కులు తీసుకుని షాపుకొచ్చెయ్."

రెండు రోజులు పట్టింది. ఈలోగా పన్నెండు కళ్ళజోళ్ళు ఆలస్యమయ్యాయి, భార్య మాటలు తగ్గించేసింది. మూడో రోజు మధ్యాహ్నం తెర మీద ఒక చంటిపిల్ల, కుర్చీ పట్టుకుని నిలబడి, బోసినోటితో నవ్వింది. నర్సు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బాబాయి తన కళ్ళజోడు తీసి, అవసరం లేకపోయినా తుడుచుకున్నాడు. ఆమె వెళ్ళగానే వీడియో కుర్రాడికి ఫోన్ చేశాడు.

"నీ పెట్టెలో కూడా ఆ బటన్ నొక్కావా బాబూ?"

"నొక్కాను సార్. ఏమీ అవలేదు."

"అందులో ఏమున్నాయి?"

"ఏమీ లేవు సార్. వీడియో కోసమే కొత్తది తెచ్చాను."

బాబాయి తిట్టాలనుకున్నవేవీ తిట్టలేదు. నర్సు సంగతి చెప్పాడు, అంతే. అది విన్న కుర్రాడు, "ఆ వీడియో ఇప్పుడే తీసేస్తాను సార్. ఇకనుంచి నేను చెప్పబోయేదంతా రాసి ముందు మీకు పంపుతా. మీరు దిద్దాకే వీడియో" అన్నాడు.

అన్నట్టే చేశాడు. బాబాయి ఎర్ర అక్షరాలతో దిద్దేవాడు. 'ముందు ఇంకో కాపీ దాచుకోండి' అని ప్రతి పేజీలోనూ రాయించేవాడు. వీడియోలు చూసినవాళ్ళు చూసినట్టే చేసుకున్నారు, ఎవరికీ ఏమీ పోలేదు. గ్రూపులో గోల సద్దుమణిగింది. కళ్ళజోళ్ళు చెప్పిన రోజుకే తయారయ్యాయి. భార్య మళ్ళీ మాటలు పెంచింది.

మూడో నెలకి బాబాయికి ఏమీ తోచలేదు. "అందరూ బాగున్నారా?" అని గ్రూపులో పెట్టాడు. ఐదు బొటనవేళ్ళు వచ్చాయి. ఉండబట్టలేక నర్సుకి ఫోన్ చేశాడు.

"పెట్టె ఎలా ఉందమ్మా?"

"బ్రహ్మాండంగా ఉందన్నయ్యా! అసలు అదొకటి ఉందనే మర్చిపోయాను. డ్యూటీలో ఉన్నా, ఉంటా మరి."

తుడిచిన అద్దాన్నే నాలుగోసారి తుడుస్తుంటే భార్య అడిగింది, "ఏమైందండీ?"

"ఏం లేదు. అందరి పెట్టెలూ బాగున్నాయి."

"మంచిదేగా?"

"మంచిదే" అన్నాడు, జ్వరమొచ్చినవాడిలా.

అప్పుడే కుర్రాడి దగ్గర్నుంచి కొత్త వీడియో రాత వచ్చింది. డిస్కులు నిండిపోతే ఏం చేయాలో నాలుగు పేజీలు. బాబాయి ఆశగా తెరిచాడు. కాపీ సంగతి ఉంది. హెచ్చరికలు ఉన్నాయి. రెండుసార్లు చదివినా దిద్దడానికి ఒక్క అక్షరం దొరకలేదు. కుర్రాడు ఆరితేరిపోయాడు.

మూడో పేజీ దగ్గర మాత్రం ఆయన వేలు ఆగింది. 'డిస్కు నిండగానే పెట్టె నిమిషానికోసారి బీప్ అని అరుస్తుంది. కంగారు పడకండి, మీ ఫోటోలకి ఏమీ కాదు. వెనక ఉన్న చిన్న బటన్ ఒక్కసారి నొక్కితే అరుపు ఆగిపోతుంది.'

బాబాయి లోపల మిషను చప్పుడు వినిపిస్తోందో లేదో చూసుకుని, ఆ చివరి వాక్యాన్ని మెల్లగా కొట్టేసి, "అంతా భేషుగ్గా ఉంది, పెట్టేయ్ బాబూ" అని రాసి పంపేశాడు.