పడవకు కట్టిన గంప

“ఎవడ్రా నా పడవకు గీ గంప కట్టింది?”

సీమోను కేకకు ఒడ్డున ఉన్న కొంగలన్నీ లేచిపోయాయి.

నడుంలోతు నీళ్లలో లంగరు వేసి ఉంది అతని చిన్న తెరచాప పడవ. దాని పక్కనుంచి ఒక వెదురు బొంగు నీళ్ల మీదికి చాచి ఉంది. బొంగు కొసకు తాడు, తాడుకు నీళ్లలో మునిగిన గంప. గంప లోపల గోనెపట్టా, అడుగున బండరాయి.

“నేనే కట్టిన బిడ్డా,” అన్నాడు ఒడ్డున కూర్చున్న ముసలాయన.

మళ్లీ ఈయనేనా!

పోచంపాడ్ జలాశయంలో ఇన్ని షికారు పడవలుండగా కొన్నాళ్లుగా సీమోను పడవనే శనిలా పట్టుకున్నాడు. టికెట్ కొని ఎక్కుతాడు. చేపముక్క ముట్టడు. చుట్టూ ఉన్న నీళ్లను చూడడు. సీమోను భార్య రజిని పడవ నడుమ కూర్చుని చేపలు వేయిస్తుంటే, ఆ స్టవ్వునే గుడ్లప్పగించి చూస్తాడు. ఎంత ఉక్కపోసినా ఎడమ చేతిని తువ్వాలలోంచి బయటికి తీయడు. అలాంటి మనిషిని నమ్మేదెట్లా?

“ఎందుకు కట్టినవ్?”

“లంగరు ఏసినంక నీ పడవ మస్తు ఊగుతది. అల పక్కనుంచి కొడ్తది గదా. గీ గంప నీళ్లల్ల ఉంటే, పడవ లేవబోయినప్పుడల్ల కిందికి గుంజుతది. ఊగుడు తగ్గుతది.”

“నాకే పడవ నేర్పుతున్నవా? నీళ్లల్ల గంప ముంచితే సంఘపోళ్లు ఏం జేస్తరో ఎర్కేనా?”

ఎరుక లేనివాడు ఆ నీళ్ల మీద బతకలేడు. చేపలు గుడ్లు పెట్టే ఈ కాలంలో గంప ముంచి దొరికితే అది దొంగవేట కిందే లెక్క. చేపల సంఘం వాళ్లు పడవను గట్టుకెక్కించి గొలుసు వేస్తారు. సీమోను ఇంట్లో నాలుగు వేళ్లు నోట్లోకి పోయేది ఆ పడవ వల్లే.

“వాళ్లే పంపిండ్రా నిన్ను? నన్ను ఇరికియ్యనీకి?”

“నన్నెవ్వరు పంపలే బిడ్డా.”

పడవలో సామాను సర్దుతున్న రజిని ఉండబట్టలేక అంది. “గా పెద్దయ్య చెప్పేది నిజమేనేమో. ఇయ్యాల గిన్నెల నీళ్లు జర్ర కూడ తొణకలే.”

“నువ్వు మూస్కో!”

పరాయివాడి మాటను పెండ్లామే మెచ్చుకుంటే మొగుడికి మండదా? సీమోనుకైతే పుండు మీద కారం చల్లినట్టయింది. నీళ్లలోకి దిగి కత్తితో తాడు కోసేశాడు. గంప బుడుంగున అడుక్కి పోయింది. వెదురును గుంజి మోకాలికేసి విరిచాడు. ఆపబోయి దగ్గరికి వచ్చిన ముసలాయనను రొమ్ము మీద చెయ్యివేసి నెట్టేశాడు.

ముసలాయన నీళ్లలో వెల్లకిలా పడ్డాడు. తువ్వాల తేలిపోయింది.

అప్పుడు బయటపడింది ఆ చెయ్యి. వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, తోలు ముడుచుకుపోయి ఉంది.

“థూ! ఏ ఇంట్ల దొంగతనానికి పోయి కాల్చుకున్నవో!”

ముసలాయన లేచాడు. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు.

“గంప వద్దంటే వద్దు. స్టవ్వన్నా ఒడ్డు మీద పెట్టుకోండ్రి. నీ కాళ్లు మొక్కుత బిడ్డా.”

“మల్ల గీ దిక్కు కనవడితే నీ కాళ్లే ఇరగ్గొడ్త!”

వెళ్తూ వెళ్తూ ఆయన పడవ లోపలికి ఒకసారి చూశాడు. స్టవ్వు కింద చెక్క మీద ఉన్న నల్లటి మరకను చూశాడు. పడవ కొన్నప్పటి నుంచీ ఉన్న మరకే అది. బేరం కుదిర్చిన బోధన్ నాగేందర్ అది తారు మరక అని చెప్పాడు.

ఆదివారం నిజామాబాద్ నుంచి చర్చివాళ్లు వచ్చారు. సీమోను వాళ్లను నడినీళ్లకు తీసుకుపోయి, తెరచాప దించి లంగరు వేశాడు. రజిని స్టవ్వు వెలిగించింది.

ఉన్నట్టుండి గాలి తిరిగింది. పడవ ఇటు ఒరిగింది, అటు ఒరిగింది. పిల్లలు కేరింతలు కొట్టారు. పెద్దవాళ్లు పాడుతున్న కీర్తన ఆపేసి పడవ అంచులు పట్టుకున్నారు.

“స్టవ్వు బందు జేస్త,” అంది రజిని.

“గిరాకీ ముందట ఇజ్జత్ తీస్తవా? కానియ్!”

తర్వాతి ఒరుగుకు మూకుడు జారింది. మరుగుతున్న నూనె రజిని ఒళ్లో పడింది. నూనె వెంటే మంటా వచ్చింది.

నిజామాబాద్ ఆస్పత్రిలో వార్డు బయట సీమోను గోడకు తల కొట్టుకున్నాడు. రజిని బతుకుతుందని డాక్టర్లు గట్టిగా చెప్పడం లేదు. సంగతి తెలిసి నాగేందర్ బోధన్ నుంచి పరుగున వచ్చాడు.

ఇంత జరిగినా సీమోను కోపం ముసలాయన మీదే.

“గా ముసలోని నోరు తగిలిందన్నా. స్టవ్వు, స్టవ్వు అనుకుంట దిష్టి పెట్టిపోయిండు. దొరికితే పానం తీస్త!”

“ఏ ముసలోడు?”

“ఎవడో. ఎడమ చెయ్యి కాలి, వేళ్లన్ని అతుక్కపోయినయ్.”

నాగేందర్ బెంచీ మీద కూలబడ్డాడు.

“కందకుర్తి దశరథం... గా పడవ మునుపు ఆయనదే. పొయ్యి పెట్టెటోళ్లకు మాత్రం అమ్మకని నాతోని ఒట్టు ఏపిచ్చుకుండు. బేరం చెడుతదని నేనే నీకు చెప్పలే.”

“పొయ్యి పెడితే ఆయనకేందంట?” అన్నాడు సీమోను. గొంతులో మునుపటి జోరు లేదు.

“ఒట్టి చేత్తోని మంట ఆర్పబోయి గా చెయ్యి కాల్చుకుండు. నల్ల మరక తారుది కాదు తమ్మీ, ఆయన పెండ్లాం కాలి సచ్చిపోయిన జాగ అది.”